రుమాలు కప్పిన మౌస్

చేతిరుమాలు బరువెంతో మీకు తెలుసు. జేబులో ఉందో లేదో కూడా గుర్తుండదు. నేను మాత్రం ఒక ఆడపిల్ల చేతిరుమాలును ఇన్నేళ్లుగా మోస్తున్నాను. అది నా దగ్గర లేదు. దాన్ని నేనెప్పుడూ ముట్టుకోలేదు. తెల్లటి గుడ్డ, అంచుకు పచ్చదారంతో కుట్టు, ఒక మూల చిన్న సిరా మరక. ఎవరైనా నా పనిని మెచ్చుకున్న రోజున అది తప్పకుండా గుర్తొస్తుంది.

మీకే ఎందుకు చెబుతున్నానంటే మీరు నాకు ఏమీ కారు. చుట్టాలకు చెబితే పోనీ తీయ్, ఎప్పటి ముచ్చటో అంటారు. దోస్తులకు చెబితే మౌస్ గురించి కూడా ఇంత బాధపడతారా అని నవ్వుతారు. వాళ్లు నన్ను ఓదారిస్తారని నాకు భయం. ఓదారిస్తే నేను నమ్మేస్తాను. నా సంగతి నాకు తెలుసు. మీరైతే చదివి ఊరుకుంటారు. అది చాలు.

అప్పట్లో నేను కరీంనగర్‌లో ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో పని చేసేవాణ్ని. బట్టల దుకాణం మీది అంతస్తు, రెండు గదులు, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు. మా జిల్లాలో కంప్యూటర్ అంటే నల్లటి తెర, దాని మీద పచ్చ అక్షరాలు. అంతే. బొమ్మలుండవు, మౌస్‌తో కదిలే బాణం ఉండదు. ఆఫీసు మొత్తంలో మౌస్ పట్టి పనిచేసినవాణ్ని నేనొక్కణ్నే. హైదరాబాద్‌లో చదివేటప్పుడు మా కాలేజీ ల్యాబులో ఒక పెద్ద మెషీన్ ఉండేది. దాని ముందు కూర్చోవడానికి వరుసలో నిలబడేవాళ్లం. నేను వరుసలో లేకున్నా నిలబడి చూసేవాణ్ని. అక్కడ చూసిందే ఇక్కడ చేసి చూపించాలని నాకు మహా ఉబలాటం.

ఆ అవకాశం ఆదిలాబాద్ నుంచి వచ్చింది. అక్కడొక జిన్నింగ్ మిల్లు. పత్తిలోంచి గింజ తీసి దూది చేసే మిల్లు. సీజన్లో బండి వెనక బండి రోడ్డు మీదిదాకా నిలబడతాయి. ఏ బండి ఎవరిది, తూకమెంత, పత్తి ఏ రకం, ఇవన్నీ తెర మీద ఒకేసారి కనిపించాలన్నాడు మిల్లు యజమాని సేటు. మా ఆఫీసు సారు ఆ పని నాకు అప్పగించాడు. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. సంతోషంతోనే.

ఒక్కో బండికి తెర మీద ఒక్కో విండో పెట్టాను. బండి గేటు దాటగానే ఒకటి తెరుచుకుంటుంది. పత్తి కుప్ప మీద పడి, బండి ఖాళీగా బయటికి వెళ్లేదాకా అలాగే ఉంటుంది. పైన రంగుపట్టీ, అందులో రైతు పేరు. ఆ పట్టీ పట్టి లాగితే విండో జరుగుతుంది. మూల పట్టి లాగితే పెద్దదవుతుంది. మౌస్ కుడి మీట నొక్కితే చాపలాగా చుట్టుకుపోయి పట్టీ ఒక్కటే మిగులుతుంది. ఇప్పుడివన్నీ కంప్యూటర్‌తో పాటే వస్తాయి, ఎవరూ వీటి గురించి ఆలోచించరు. అప్పుడు ఒక్కో గీత నేనే గీసుకోవాలి. విండో జరిగినప్పుడు దాని కింద ఉన్నదాన్ని మళ్లీ నేనే గీయాలి. మూల పట్టుకుందామంటే బాణం జారిపోతుంటే ఆ మూలను ఎంత మందం చేయాలి అని రోజుల తరబడి తల బద్దలు కొట్టుకున్నాను. ఆ రోజుల్లో నేను నిజంగా సుఖంగా ఉన్నాను. అది కూడా చెప్పాలి కదా.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఒకటుంది. తెర మీద విండోలు ఎన్నో, కీబోర్డు ఒక్కటే. మనం అక్షరం కొడితే అది ఏ విండోలో పడాలి? దీనికి రెండు దారులు. ఒకటి, కావలసిన విండో మీద మౌస్‌తో ఒకసారి నొక్కాలి. మళ్లీ ఇంకోదాని మీద నొక్కేదాకా రాతంతా అందులోనే పడుతుంది. రెండోది, నొక్కే పనే లేదు. బాణం ఏ విండో మీద ఉంటే రాత అందులో పడుతుంది. బాణం పక్కకు జరిగితే రాత కూడా పక్కకు పోతుంది. ల్యాబులో నేను చూసింది ఈ రెండోది. దాన్ని చూసిన రోజు నాకు ఒళ్లు జలదరించింది. మనిషి ఎటు చూపిస్తే మెషీన్ అటు తిరుగుతుందనిపించింది.

మా సారు మొదటిదే మేలన్నాడు. నొక్కితే ఏం పోయింది, అందరికీ అర్థమవుతుంది కదా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. సీజన్లో ఒక్కో నొక్కుడు తగ్గినా ఎంత కలిసొస్తుందో గంట సేపు చెప్పాను. నాకు తెలిసిన ఇంగ్లీషంతా వాడాను. పాపం, ఆయన పత్తి వ్యాపారం ఎరిగినవాడు, మౌస్ ఎరగడు. సరే నీ ఇష్టం అన్నాడు. ఆ మాట వినడానికే నేను అంత సేపు మాట్లాడాను. ఎవరికి కలిసొస్తుందనుకున్నాను నేను? ఆ మిల్లులో కూర్చోబోయే మనిషి గురించి ఒక్క క్షణమైనా తలుచుకున్నానా? లేదు. ల్యాబులో వరుసలో నిలబడ్డ నా గురించే తలుచుకున్నాను.

ఆ మిల్లులో కూర్చున్న మనిషి పేరు స్వరూప. నిజం పేరు వేరు, ఇక్కడ ఇలా అనుకుందాం. ఆదిలాబాద్ పక్కనే చిన్న పల్లె వాళ్లది. పట్నంలో పెద్దమ్మ ఇంట్లో ఉండి టైపు నేర్చుకుంది. లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ పాసైంది. టైపు నేర్పే చోట చేతుల మీద గుడ్డ కప్పి కొట్టించేవారట, కళ్లు అక్షరాల మీదికి పోకుండా. అందుకని ఆమె చేతులకేసి చూసేది కాదు, తెరకేసీ చూసేది కాదు. పక్కనే కిటికీ. కిటికీ బయట మిల్లు ఆవరణ. పత్తి రకం తేల్చే మేస్త్రీ బండి మీద చెయ్యి పెట్టి, గుప్పెడు పీకి చూసి, అక్కడినుంచే ఫలానా బండి ఒకటో రకం, ఫలానాది మూడో రకం అని కేకేస్తాడు. స్వరూప అతని నోటికేసి చూస్తూ కొట్టేది. అతని కేక ఆగేసరికి ఆమె చేతులు ఆగేవి. చూడ ముచ్చటగా ఉండేది. విండో అన్న మాట ఆమెకు నోరు తిరగక కాదు, బాగా లేదని, డబ్బ అనేది. తన అన్న బండిదైతే అన్న డబ్బ, పటేల్ బండిదైతే పటేల్ డబ్బ, అట్లా.

సీజన్ మొదలైన కొద్ది రోజులకే ఫోనొచ్చింది. బాణం కదలడం లేదట. వెళ్లాను. అప్పటి మౌస్ కడుపులో ఒక రబ్బరు గుండు ఉండేది. మౌస్‌ను జరిపితే గుండు దొర్లుతుంది, గుండు దొర్లితే బాణం కదులుతుంది. ఆ మిల్లులో గాలి నిండా పత్తి నూగు. తల మీద, కనుబొమల మీద, టీ గ్లాసులో, అంతటా అదే. గుండు చుట్టూ ఆ నూగు చుట్టుకుపోయి గట్టిపడింది. స్వరూప తన తలలోంచి సైడుపిన్ను తీసిచ్చింది. దాంతో గీకి గీకి తీశాను. తీసి, గుండు మళ్లీ లోపల వేసి, పెద్ద డాక్టరులాగా ఒక సలహా ఇచ్చాను. పని లేనప్పుడు దీన్ని ఇట్లా వదిలెయ్యకు, ఏదన్నా బట్ట కప్పి పెట్టు అన్నాను. ఆమె అప్పటికప్పుడు నడుం దగ్గర దోపుకున్న చేతిరుమాలు తీసి మౌస్ మీద కప్పింది. నాలుగు మూలలూ సరిచేసింది.

ఆ రుమాలు కప్పమన్నది నేను. ఇది మీరు గుర్తుంచుకోవాలి.

ఆమె చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. పని లేనప్పుడు అంటే ఆమెకు రోజు చివర అని అర్థం కాలేదు. చెయ్యి మౌస్ మీది నుంచి తీసిన ప్రతిసారీ అనుకుంది. బాణాన్ని డబ్బ మీదికి తెచ్చేది, రుమాలు కప్పేది, రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి మేస్త్రీకేసి చూసేది. మళ్లీ రుమాలు తీసేది, బాణం జరిపేది, కప్పేది. ఇంత జాగ్రత్తగా ఆ మౌస్‌ను ఇంకెవరూ చూసి ఉండరు.

సంక్రాంతి ముందరి రోజులు. బండ్లు బాగా వచ్చే కాలం. ఒక పొద్దున కరీంనగర్ ఆఫీసుకు మిల్లు లెక్కలు చూసే మునీమ్ ఫోను చేశాడు. గొడవైంది, వెంటనే రమ్మన్నాడు. మర్నాడు బస్సెక్కాను. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కుతుంటే కూడా నాకు ఏ అనుమానమూ లేదు. ఎవరో తీగ ఊడబీకి ఉంటారు అనుకున్నాను.

జరిగింది ఇది. స్వరూప అన్న గంగన్న ఆ రోజు పత్తి తెచ్చాడు. మంచుకు తడిసిన పత్తి. మేస్త్రీ మూడో రకం అన్నాడు. స్వరూప మూడు అని కొట్టింది. కాసేపటికి ఒక పెద్ద పటేల్ బండి వచ్చింది, మంచి పత్తి, ఒకటో రకం. పొద్దూకేసరికి చూస్తే పటేల్ విండోలో ఏమీ లేదు, ఖాళీ. గంగన్న విండోలో మూడు పోయి ఒకటి ఉంది. పటేల్ ఊరుకుంటాడా? మిల్లు ఆవరణలో రైతులంతా పోగయ్యారు. కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్ల తన అన్నకు రకం మార్చుకుందన్న మాట ఒకరి నోట్లోంచి వచ్చి అందరి నోళ్లలోకీ పోయింది.

సేటు గదిలో నలుగురున్నారు. సేటు, మునీమ్, స్వరూప, ఆమె పెద్దమ్మ. గంగన్నను లోపలికి రానివ్వలేదు. స్వరూప ఏడవడం లేదు. ఏడ్చి అయిపోయినట్టుంది. ఆ గదిలో జరిగిన మాటలు మాత్రం నాకు ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి. మిగతా జీవితంలో ఎన్నో మరిచిపోయాను.

"మాకు గీ మెషీన్ సంగతి తెల్వదు సార్, గందుకే మిమ్మల్ని పిలిపిచ్చిన," అన్నాడు సేటు. "మూడున్నది ఒకటి ఎట్లయింది?"

"నేను పటేల్ డబ్బలనే కొట్టిన సార్," అంది స్వరూప. "అన్న డబ్బ ముట్టనే లేదు. మా అవ్వ మీద ఒట్టు."

"మరి దయ్యం అచ్చి కొట్టిందా?" అన్నాడు మునీమ్.

నేను ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "రోజు ఎట్ల చేస్తవో గట్లనే జర చేసి చూపియ్యి," అన్నాను. గొడవ జరిగిన రోజులాగే తెర నిండా విండోలు తెరిపించాను. అన్ని బండ్లకు చోటు చాలక అవి చిన్నవై, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఆమె రుమాలు తీసింది. బాణాన్ని ఒక విండో మీదికి తెచ్చింది. రంగుపట్టీ నీలంగా మారింది, అంటే రాత ఇక అందులో పడుతుందన్న గుర్తు. చెయ్యి తీసింది. రుమాలు కప్పి, అలవాటుగా నాలుగు మూలలూ లాగి సరిచేసింది.

రుమాలుతో పాటు మౌస్ ఇంత జరిగింది. బాణం జారి పక్క విండోలోకి పోయింది. ఇక్కడ నీలం ఆరిపోయి అక్కడ వెలిగింది.

ఆమె చూడలేదు. అప్పటికే కళ్లు కిటికీ బయటికి పోయాయి, లేని మేస్త్రీ కోసం. సేటు చూడలేదు, మునీమ్ చూడలేదు. వాళ్లంతా ఆమె మొహంలో దొంగతనం వెతుకుతున్నారు. తెర చూసింది నేనొక్కణ్నే. ఆమె చేతులు కొట్టాయి. అంకె పక్క విండోలో పడింది. నేను గబుక్కున చెయ్యి పెట్టి విండోలన్నీ మూసేశాను. ఆ చెయ్యి ఎందుకంత తొందరపడింది? దాన్ని నేను పంపలేదని అనాలని ఉంది. నేనే పంపాను.

"మీరు చూసిండ్రు గద సార్," అంది స్వరూప నాకేసి తిరిగి. "మంచిగనే చేస్తున్న గద నేను?"

"చూసిన," అన్నాను. "మంచిగనే చేస్తున్నవ్."

ఆమె మొహంలోకి కొంచెం రంగొచ్చింది. సేటు ముందుకు వంగాడు. "అయితే చెప్పుండ్రి సార్. మెషీన్ తప్పా, మనిషి తప్పా?"

"అన్న ఎవలో, పటేల్ ఎవలో మెషీన్‌కు ఎరుక లేదు సేట్," అన్నాను. "మనం ఏం కొడితే గదే రాస్తది."

చూశారా, ఎంత నున్నగా ఉందో. అందులో ఒక్క అబద్ధం లేదు. ఎక్కడైనా ఎవరి ముందైనా నిలబడి ఆ మాట అనొచ్చు. ఆ గదిలో ఆ క్షణంలో మాత్రం అది ఒక మనిషి గొంతు మీద కాలు పెట్టడమే. స్వరూప రుమాలును గుప్పిట్లోకి తీసుకుంది. పెద్దమ్మ తల కొట్టుకుంది. మునీమ్, ఇంకేం కావాలి అన్నట్టు సేటుకేసి చూశాడు.

నేను బయటికొచ్చేసరికి ఆవరణలో గంగన్న ఉన్నాడు. చెల్లెల్ని చూడగానే లేచాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. "నేను అడిగిన్నా నిన్ను?" అన్నాడు. "మూడో రకమైతే మూడో రకమే అమ్ముకుంటుంటి. నలుగుర్ల నన్ను దొంగను చేసినవ్." ఆమె ఏదో చెప్పబోయింది. అతను వినలేదు. బండి తోలుకుని వెళ్లిపోయాడు. ఆ వీధిలో ఇంకే మిల్లూ అతని పత్తి దించుకోదని మునీమ్ నాతో చెప్పాడు, నేనేదో అడిగినట్టు. నన్ను బస్టాండుదాకా స్కూటర్ మీద దింపాడు కూడా.

ఎందుకు చెప్పలేదు? దీన్ని ఎన్ని రకాలుగా తిప్పి చూశానో. ఆ మిల్లు మాకు మొదటి పెద్ద పని, అది పోతే ఆఫీసు మూతపడేది, అందరి పొట్టలూ దాని మీదే ఉన్నాయి, ఇది ఒక కారణం. చాలా ఏళ్లు దీన్నే నమ్ముతూ బతికాను. కానీ నిజంగా ఆఫీసు గురించి ఆలోచించానా ఆ నిమిషంలో? ఆలోచించలేదు. ఆ నిమిషంలో నాకు కనిపించింది మా సారు మొహం. నొక్కితే ఏం పోయింది అన్న మొహం. నేను మోజుపడి తెచ్చిపెట్టుకున్నదే తప్పని అందరి ముందూ తేలిపోతుందే అన్న సిగ్గు, అంతే. ఒక మనిషి పరువు ఒక పక్క, నా సిగ్గు ఒక పక్క ఉంటే నేను నా సిగ్గును కాపాడుకున్నాను. ఇంత చిన్న కారణానికి అంత పని జరిగిందంటే నాకే నమ్మబుద్ధి కాదు. పెద్ద కారణమేదైనా ఉంటే బాగుండునని వెతికాను కూడా. దొరకలేదు.

కరీంనగర్ వచ్చి ఆ వారంలోనే దాన్ని మార్చేశాను. ఇక బాణం ఎటు పోయినా రాత పోదు, విండో మీద మౌస్‌తో నొక్కితేనే పోతుంది. చిన్న పని, ఒక పూటలో అయిపోయింది. మా సారు చూసి, ఇప్పుడు మంచిగుంది అన్నాడు. ఎందుకు మార్చావని అడగలేదు. అడిగితే చెప్పేవాణ్నా? అడిగి ఉంటే బాగుండేదని మాత్రం చాలాసార్లు అనుకున్నాను. ఆ పాపంలో కొంత ఆయన మీదికి కూడా తోద్దామనే.

కొత్తది పెట్టడానికి మిల్లుకు నేనే వెళ్లాను. స్వరూప కుర్చీలో వేరే మనిషి. ఇది పాతదానికన్నా బాగుందే అన్నాడు సేటు. ఇంకా మెరుగు చేశామని చెప్పాను. నాకు మిఠాయి పెట్టారు. తిన్నాను.

కొన్నేళ్లకు ఖానాపూర్‌లో ఒక ఆఫీసు పని పడింది. కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి బస్టాండు పక్కన దుకాణంలోకి వెళ్లాను. జిరాక్స్ మెషీన్ దగ్గర ఉన్నామె నాకేసి చూసి, సార్ మీరు కరీంనగర్ సార్ కదా అంది. స్వరూప. పెళ్లైంది. భర్త, ఆమె కలిసి ఆ దుకాణం నడుపుతున్నారు. లోపల ఒక టైపు మెషీన్ ముందు భర్త కూర్చుని, రెండు వేళ్లతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఎవరిదో దరఖాస్తు కొడుతున్నాడు.

టైపు నువ్వు చేయడం లేదా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"కొట్టుడు బంద్ చేసిన సార్," అంది. "చూసుకుంట కొడుదామంటే చేతులు నడుస్తలేవు. చూడకుంట కొడుదామంటే భయమైతది. గా రోజు నా చెయ్యే జారింది కావచ్చు. నాకైతే యాదికి లేదు. కని మీ అసొంటోళ్లు చూసి చెప్పినంక ఇగ నేనేం అనుకోవాలె?"

నేను కాగితాలు సర్దుకుంటూ నిలబడ్డాను. అన్న ఎట్లా ఉన్నాడని అడిగాను. పత్తి మానేసి మక్కజొన్న వేస్తున్నాడట. మాటల్లేవట. రాఖీ పున్నమి నాడు రాఖీ తీసుకుని వెళితే తలుపు తీయలేదట. ఆమె ప్రతి ఏడూ వెళుతుంది. రాఖీ తలుపు గొళ్లేనికి కట్టి వస్తుంది. అది చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఏ మార్పూ లేదు. రోజూ వచ్చిపోయే బస్సు గురించి చెప్పినట్టు చెప్పింది.

ఆ తర్వాత ఆమె అన్న మాటే నన్ను పూర్తిగా ముంచింది. "గా దినం అందరు దొంగను చూసినట్టు చూసిండ్రు సార్. మీరొక్కరే మంచిగ చేస్తున్నవ్ అన్నరు. గదొక్కటి మతిల పెట్టుకున్న," అంది.

చెప్పడానికి నోరు తెరిచాను. నిజంగా తెరిచాను, మీరు నమ్మినా నమ్మకున్నా. అప్పుడే ఆమె భర్త హోటల్ నుంచి చాయ్ తెప్పించాడు. సార్ తాగుండ్రి అని చేతికిచ్చాడు. గ్లాసు చేతిలోకి వచ్చాక తెరిచిన నోటితో తాగడమే మిగిలింది. తాగి, జిరాక్స్ పైసలు వద్దంటున్నా ఇచ్చి, బస్సు ఉందని చెప్పి వచ్చేశాను. అప్పుడు బస్సేమీ లేదు. చాలా సేపు బస్టాండులో కూర్చున్నాను. అక్కడినుంచి దుకాణం కనిపిస్తూనే ఉంది. లేచి వెళితే అయిపోయేది. కాళ్లు బాగానే ఉన్నాయి. రోడ్డు ఖాళీగానే ఉంది. నన్ను ఆపినవాడు ఎవడూ లేడు. అయినా వెళ్లలేకపోయాను. ఆమె మతిలో పెట్టుకున్న ఆ ఒక్క మాట కూడా లాక్కోవాలా అని నాకు నేను చెప్పుకున్నాను. దొంగ మాట. నేను లాక్కుపోయినదాన్ని తిరిగి ఇవ్వడానికి అది అడ్డం కాదు.

మళ్లీ ఎప్పుడో ఆ దిక్కు వెళ్లినప్పుడు ఆ దుకాణంలో చెప్పులమ్ముతున్నారు. వాళ్లు ధర్మపురి దిక్కు పోయారని ఒకరు, జగిత్యాల అని ఒకరు అన్నారు. వెతకలేదు. ఆమె దొరకలేదని చెప్పుకోవచ్చు, కానీ గంగన్న ఊరు నాకు తెలుసు. ఆదిలాబాద్‌లో బస్సు దిగి ఆటో ఎక్కితే పోవచ్చు. ఆ ఇంటి తలుపు గొళ్లేనికి పాత రాఖీలు ఇంకా ఉండి ఉంటాయి. తలుపు కొట్టి, అన్నా, నీ చెల్లె తప్పు లేదు, నీది కూడా లేదు, తప్పు నాది అని చెప్పడానికి కావలసింది నాలుగు మాటలు. ప్రతి సీజన్లో పోదామనుకుంటాను. ఇది రాస్తున్నప్పటికి పోలేదు. రాశాక పోతానని మాట కూడా ఇవ్వలేను. ఇచ్చి తప్పడం నాకు అలవాటే.

ఇప్పుడు ఎక్కడ ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా, ఒక విండోలోంచి ఇంకో విండోలోకి పోవడానికి మౌస్ నొక్కిన ప్రతిసారీ ఆ చిన్న టిక్కుమన్న చప్పుడు వింటాను. ఆ మిల్లులో అది ఉండి ఉంటే సరిపోయేది. ఆ ఒక్క నొక్కుడు బరువని నేను తీసేశాను.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. మీరు ఆమె కారు, నాకు తెలుసు. అయినా ఒక్కసారైనా ఈ మాట నాలోంచి బయటికి రావాలి.

స్వరూపా, మీరు చూసిండ్రు గద సార్ అని అడిగావు. చూశాను. నీ చెయ్యి జారలేదు. నువ్వు పటేల్ డబ్బలోనే కొట్టావు. బాణం పక్కకు పోయింది, నా వల్ల పోయింది, పోతుంటే నేను చూశాను.